తెల్ల అంబాసిడర్ లెక్క



రెండు ఆదివారాలుగా మన తెల్ల బండి గుడి ఆవరణలో కనబడటం లేదని చాలామంది అడుగుతున్నారు. హైదరాబాదు నుంచి ఒకరు, కువైట్ నుంచి ఇద్దరు ఫోన్ చేశారు. అమ్మేశానేమో అని ఒకరికి అనుమానం. అమ్మలేదు. అమ్ముదామన్నా కొనేవాళ్ళు లేరు. దేవుని దయవల్ల బండి బాగైంది, నిన్న సాయంత్రమే ఇంటికి తెచ్చాను. మొత్తం 6,840 రూపాయలయింది. కాగితం మీద రాసి కమిటీ పెద్దలకు ఇచ్చాను. అయితే ఆ కాగితంలోకి ఎక్కని లెక్క ఇంకొకటుంది. మీలో చాలామంది ఈ బండికి చందా ఇచ్చినవాళ్ళే కాబట్టి అది కూడా చెప్పాలి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతాను. ఇది 1994 మోడల్ డీజిల్ అంబాసిడర్. నా ముందున్న అయ్యగారు ప్రభుత్వ వేలంలో కొన్నారు. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మన ఊళ్ళో ప్రసవం నొప్పులు వచ్చినా, అర్ధరాత్రి ఎవరికైనా ఆయాసం వచ్చినా ముందు తట్టేది మా ఇంటి తలుపే. మంచం మీద మనిషిని పడుకోబెట్టినట్టు వెనక సీట్లో పడుకోబెట్టవచ్చు, అదీ దాని గొప్ప.

మార్చిలో రేడియేటర్లో నీళ్ళు తగ్గడం మొదలైంది. రోజూ కాదు, నాలుగు రోజులకోసారి ఒక లీటరు. నేను కమిటీకి చెప్పాను, రేడియేటరు కారుతోందని. ఎవరూ పరీక్ష చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. నీళ్ళు పోస్తున్నది అందులోనే కాబట్టి కారేది కూడా అదేనని నా తీర్మానం. 4,500 రూపాయలు ఇచ్చారు. రేడియేటరు విప్పించి, అతుకులు వేయించి, మళ్ళీ బిగించాం. వారం తిరక్కుండా మళ్ళీ నీళ్ళు తగ్గాయి.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఈస్టరు ఖర్చులు మీద పడి ఉన్నాయి, గుడి రేకులు మార్చాలని అనుకుంటున్నారు, మళ్ళీ వెళ్ళి "అది కాదంట, ఇంకేదో అంట" అనడానికి సిగ్గేసింది. సంఘం డబ్బు 4,500 నా తొందరపాటు వల్ల పోయిందని ఒప్పుకోవాలి కదా. దానికి బదులు డిక్కీలో ఐదు లీటర్ల క్యాను పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా ముందు నీళ్ళు చూసుకుని, పోసి, బయల్దేరేవాణ్ణి. అలా ఐదు నెలలు నడిపాను.

ఏ నీళ్ళు పోశానో కూడా చెప్పాలి. మన ఊరు సముద్రానికి దగ్గర. బోరు వేస్తే ఉప్పు. తాగే నీళ్ళు పంచాయతీ కుళాయివి, అవి రోజు విడిచి రోజు వస్తాయి. ఆ నీళ్ళు బండికి పోస్తే మా ఇంట్లో ఊరుకుంటారా? నాకూ మనసొప్పలేదు. వంటింటి పక్క బోరు నీళ్ళే పట్టేవాణ్ణి. పొదుపు అనుకున్నాను.

మధ్యలో ఒక లారీ డ్రైవరు గారు సలహా చెప్పారు, రేడియేటర్లో రెండు చెంచాల పసుపు వెయ్యండి, చిన్న కారుడైతే పూడుకుపోతుందని. దారి మధ్యలో చిక్కుకున్నప్పుడు డ్రైవర్లు చేసే పనే అది. ఊరు చేరేదాకా పనికొస్తుంది. నేను దాన్ని మూడు నెలలు వాడాను. కూరలో పసుపు ఎందుకు ఇంత తొందరగా అయిపోతోందని మా ఇంట్లో ఆశ్చర్యం.

ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి మన మామ్మగారికి ఆయాసం ఎక్కువైంది. ఎవరో మీకు తెలుసు, పేరెందుకు. కొడుకూ కోడలూ ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. కాకినాడ పెద్దాసుపత్రికి బయల్దేరాం. ఆ తొందరలో నీళ్ళు చూసుకోలేదు. ముమ్మిడివరం దాటాక మడ్డి కాలిన వాసన లాంటిది వచ్చింది. ఈ బండిలో వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది, నేను బాగు చేయించలేదు. ఎదుర్లంక వారధి ఇంకా ఎక్కలేదు, బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి. ఇంజను దానంతట అదే ఆగిపోయింది.

మామ్మగారి కొడుకు దిగి, గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని లాగాను. ఆ ఒక్క పని మాత్రం ఆ రాత్రి సరిగ్గా చేశాను. వేడిగా ఉన్నప్పుడు లోపల నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి. నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆపేది ఆ మూతే. అది తీస్తే మరిగే నీళ్ళు, ఆవిరి ఒక్కసారిగా మొహం మీదకి వస్తాయి. ఇది చదివేవాళ్ళలో డ్రైవింగు చేసే తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోవాలి, అరగంట ఆగండి, చల్లారనివ్వండి.

కానీ మాకు అరగంట లేదు. రోడ్డు మీద నిలబడి చేతులు ఊపాం. రెండు లారీలు ఆగకుండా పోయాయి. యానాం వైపు వెళ్తున్న ఒక ఆటో ఆగింది. మామ్మగారిని అందులోకి మార్చాం. బండి ఆగిన దగ్గర్నుంచి ఆటో కదిలేదాకా నలభై నిమిషాలు పట్టింది. ఆమె గొంతులో పిల్లికూతలు నాకు ఇప్పటికీ వినబడుతున్నాయి. నేను బండి దగ్గరే ఉండిపోయాను. ప్రార్థన చేశానని చెప్పాలి, చేశాను, కానీ మాటలు రాలేదు. డిక్కీలో క్యాను నిండుగా ఉంది.

మామ్మగారు బతికారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు.

మర్నాడు ట్రాక్టరుకి కట్టి బండిని అమలాపురం లాక్కెళ్ళాం. అక్కడ పాత అంబాసిడర్లు, జీపులు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. చల్లారిన బండిలో నీళ్ళు నింపి, ఇంజను వేడెక్కేదాకా నడిపి, కింద కార్డుబోర్డు పరిచి, టార్చిలైటు పట్టుకుని పావుగంట చూశారు. ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను వంగమన్నారు. ఇంజను బ్లాకు పక్కన, పైపుల చాటున, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదిగా గుండ్రటి గుంట. దాని అంచు నుంచి కిందికి తుప్పు రంగు చార. చార చివర ఒక బొట్టు. అది కింద పడేలోపే వేడికి ఆవిరైపోతోంది.

"రేడియేటరు కాదండి అయ్యగారూ. డమ్మీ పోయిందండి."

అందుకే నేల మీద తడి ఎప్పుడూ కనబడలేదు. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి ఉండదు, కారదు. నేను చూసేది పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు.

డమ్మీ అంటే నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను. ఇంజను బ్లాకు పోత ఇనుము. సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరగడానికి లోపల ఖాళీ కావాలి. పోత పోసేటప్పుడు ఆ ఖాళీ ఉండాల్సిన చోట ఇసుకతో చేసిన అచ్చు పెడతారు. ఇనుము చల్లారాక ఆ ఇసుకను బయటికి తియ్యాలి కదా, అందుకోసం, అచ్చును నిలబెట్టడం కోసం బ్లాకు గోడలకు కన్నాలు మిగులుతాయి. కొబ్బరికాయకు కళ్ళు ఉన్నట్టు. ఇసుక తీశాక ఆ కన్నాల్లో పలచటి రేకు గిన్నెలు బిగించి మూసేస్తారు. అవే డమ్మీలు. బ్లాకు గోడ ఎంత మందమో, ఇది అంత పలచన.

ఇదంతా కెనడాలో ఉన్న మన సంఘం అబ్బాయికి ఫోన్లో చెబితే, "అయ్యగారూ, మేం వాటిని ఫ్రీజ్ ప్లగ్గులంటాం" అన్నాడు. అక్కడ చలికి ఇంజన్లో నీళ్ళు గడ్డకడితే వంద పాళ్ళు కాస్తా నూట తొమ్మిది పాళ్ళవుతాయి. ఆ ఉబ్బుకి ఇంజను పగిలిపోకుండా ఈ బిళ్ళ ముందుగా ఊడి కాపాడుతుందని అక్కడ చాలామంది నమ్మకం, అందుకే ఆ పేరు. అసలు వీటిని పెట్టింది అందుకు కాదు. ఒక్కోసారి ఊడతాయి, ఒక్కోసారి బిళ్ళ ఉన్నచోటే ఉండి బ్లాకు పగులుతుంది. పేరు చూసి ధైర్యంగా ఉండొద్దని మా నాన్న చెప్పాడండి అన్నాడు, వాళ్ళ నాన్న పూర్వం లారీ మెకానిక్కు. కోనసీమలో మనకి గడ్డకట్టే బాధ లేదు. మన డమ్మీలను తినేది తుప్పు.

తుప్పు లోపలి నుంచి తింటుంది. ఈ సంగతి నాకు చేత్తో పట్టుకుంటే గానీ అర్థం కాలేదు. నీళ్ళన్నీ దించేశాక ఆ పెద్దాయన కారే డమ్మీ అంచు మీద పంచ్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేశారు. మంచిదైతే బిళ్ళ ఒక పక్కకి తిరిగి నిలబడుతుందట, అప్పుడు పటకారుతో లాగెయ్యొచ్చు. లోపల సిలిండరు గోడ ఉంటుంది కాబట్టి లోతుగా కొట్టకూడదు. మన డమ్మీ తిరగలేదు. పంచ్ దాంట్లోంచి దిగిపోయింది, అప్పడంలో వేలు దిగినట్టు. బయట పెయింటు ఇంకా ఉంది. పెయింటు వెనక ఇనుము లేదు.

వెనకాల నుంచి ఎర్రటి బురద జారింది. దాంట్లో పసుపు పచ్చటి జిగురు. ఆయన వేలితో తీసి వాసన చూశారు, నా వైపు చూశారు.

"పసుపాండీ?"

"అవునండి."

"ఎన్నిసార్లు?"

చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కారే కన్నాన్ని ఆ పసుపు మూసిందో లేదో గానీ, రేడియేటరు సన్నగొట్టాలను మాత్రం బాగా మూసింది. నీళ్ళు తగ్గడం ఒక తప్పు, ఉన్న నీళ్ళు చల్లబడకపోవడం ఇంకో తప్పు. రెండోది నేను చేతులారా చేసింది. 4,500 పెట్టి బాగు చేయించిన రేడియేటరు అది.

నేను అడిగాను, మిగతావి కారడం లేదు కదా, ఇది ఒక్కటీ మార్చేస్తే సరిపోదా అని. అప్పటికీ బుద్ధి రాలేదు చూడండి. ఆయన స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి పక్క డమ్మీని నొక్కి చూడమన్నారు. మెల్లగా నొక్కితేనే లోపలికి సొట్ట పడింది.

"అన్నీ ఒకే నీళ్ళు తాగినయ్యండి" అన్నారు.

ఐదూ మార్చాం. ఇనుపవి ఒక్కొక్కటి 30 రూపాయలు, ఇత్తడివి 70. ఇత్తడికి మన ఇనుము తుప్పు పట్టదు కాబట్టి అవే తీసుకున్నాను. బిల్లులో ఆరు డమ్మీలు ఎందుకున్నాయని కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. అది నా నిర్వాకం, చెబుతాను.

ఆ రోజు ఆయన దగ్గర పనికుర్రాడు రాలేదు. నేను చొక్కా విప్పి చేతికి సాయం చేశాను. నాకు అప్పగించిన పని కన్నాలు శుభ్రం చెయ్యడం. గరుకు కాగితం వేలికి చుట్టి అంచు చుట్టూ రుద్దాలి, పాత తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలినా కొత్త బిళ్ళ పక్కన సందు ఉంటుంది. ఒక్కో కన్నానికి పావుగంట పట్టింది. తర్వాత పైపు పెట్టి బ్లాకులోకి నీళ్ళు కొట్టాం, వంచిన తీగతో మూలలు కెలికాం. మొదట ఎర్రగా, తర్వాత మజ్జిగలా, చాలాసేపటికి తేటగా వచ్చాయి. తీగ చివర ఉప్పు గారలు రాళ్ళలా తగిలాయి. మన బోరు దగ్గర బకెట్ల అంచున పేరుకుంటుందే, అదే.

డమ్మీ బిగించడంలో ఉన్న కిటుకు నిటారుగా దించడమే. కన్నం అంచుకి సీలు పేస్టు పలచగా రాస్తారు. బిళ్ళ గిన్నెలో సరిగ్గా కూర్చునే సాకెట్టు ఒకటి ఎంచుకుని, దాన్ని బిళ్ళలో పెట్టి, సాకెట్టు మీద సుత్తితో కొడతారు. బిళ్ళ అంచు కన్నం అంచు కంటే పిసరంత లోపలికి వెళ్ళగానే ఆపెయ్యాలి. ఆయన నాలుగు బిగించారు. ఐదోది నన్ను కొట్టమన్నారు. నాకు చెయ్యి వణికింది. రెండో దెబ్బకే బిళ్ళ ఒక పక్క దిగి, ఇంకో పక్క లేచింది. దాన్ని సరిచేద్దామని లేచిన వైపు కొట్టాను. అంచు మడత పడింది. అప్పుడాయన సుత్తి తీసేసుకుని, వంకరగా దిగినదాన్ని కొట్టి సరిచెయ్యడం కుదరదండి, తీసేసి కొత్తది పెట్టుకోవాల్సిందే అన్నారు. ఆరో డమ్మీ అదీ. ఆ 70 రూపాయలు నా జేబులోంచి ఇస్తానంటే కమిటీ వద్దన్నది, కాబట్టి మీ డబ్బే.

ఇక్కడ ప్రసంగం చెప్పాలని నాకు నోరు దురద పెడుతోంది. సెమినరీలో మా గురువుగారు ఒకాయన అనేవారు, కనబడిన ప్రతి మేకుకీ ఒక ప్రసంగం తగిలించకండిరా అని. ఈసారికి ఆయన మాట వింటాను.

మిగతా బిల్లు ఇదీ: డమ్మీలు 420, సీలు పేస్టు 120, రబ్బరు గొట్టాలు రెండు 900, రేడియేటరు మళ్ళీ విప్పి పసుపు కడిగించడానికి 850, కూలెంటు ఐదు లీటర్లు 1,400, బ్యాటరీలో పోసే డిస్టిల్డు వాటరు 150, మజూరీ 3,000. కూలెంటు అంటే చలి దేశాలవాళ్ళు గడ్డకట్టకుండా పోసుకునేదని నేను అనుకునేవాణ్ణి. మనకు అది కావలసింది వేరే కారణానికి, దాంట్లో తుప్పు పట్టకుండా ఆపే మందులు కలుపుతారు, నీళ్ళు మరిగే వేడిని కూడా కాస్త పెంచుతుంది. సగం అది, సగం డిస్టిల్డు వాటరు. ఆ మందుల బలం కొన్నాళ్ళకి తగ్గుతుంది కాబట్టి డబ్బా మీద రాసిన గడువుకి మార్చాలి. ఇంత వేడెక్కినా హెడ్డు గాస్కెట్టు పోలేదు, అదొక్కటి కృప. పోయి ఉంటే ఈ కాగితం మీద ఇంకో సున్నా ఉండేది.

కూలెంటుకి 1,400 ఎందుకని అడిగినవాళ్ళకి నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఐదు నెలలు ఉప్పునీళ్ళు ఉచితంగా పోశాను కాబట్టి.

మార్చిలో పోయిన 4,500 సంగతి కూడా కమిటీ ముందు పెట్టాను. నా జీతంలోంచి నెలకు 500 చొప్పున తొమ్మిది నెలలు పట్టుకోమని రాసిచ్చాను. ఇంకా ఏమీ తేల్చలేదు. డిక్కీలో క్యాను తీసేశాను. వేడి చూపించే ముల్లు కూడా ఇప్పుడు పనిచేస్తోంది, మధ్యకంటే కొంచెం కిందే ఉంటోంది. నిన్న అమలాపురం నుంచి వస్తున్నంతసేపూ రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూశాను.

దారిలో మామ్మగారి ఇంటి ముందు ఆగాను. అరుగు మీద మంచం వేసుకుని కూర్చున్నారు. ముక్కులో గొట్టం లేదు, మాట స్పష్టంగా ఉంది. ఆ రాత్రి గురించి నేను చెప్పాల్సిందంతా చెప్పాను, మార్చి నుంచి మొదలుపెట్టి. పాత డమ్మీని న్యూస్ పేపర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. అది తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇంతేనా?" అన్నారు. అటూ ఇటూ తిప్పి, కన్నంలో చిటికెన వేలు దూర్చి చూశారు. "ఏం నీళ్ళు పోశారు అయ్యగారూ?"

"మా బోరువేనండి మామ్మగారూ."

"ఆ నీళ్ళా! వాటితో మా కోడలు గిన్నెలు కూడా తోమదు." కోడలు లోపల్నుంచి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆమె డమ్మీని మళ్ళీ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు.

"సరే గానీ, మంగళవారం మళ్ళీ చూపించుకోమన్నారు కాకినాడలో. ఆరింటికల్లా బండి తెచ్చెయ్యండి, ఎండెక్కకుండా వెళ్ళొద్దాం."